హైస్కూలు పిల్లలకు వర్గం, అసమానత గురించి మార్క్స్‌తో చెప్పడం: ఎవరైనా చేసి చూశారా?

సుద్దముక్క:
నమస్కారమండీ. తొమ్మిది, పది తరగతులకు సోషల్ చెబుతాను. సమాజంలో వర్గాలు, అసమానత అనే పాఠానికి ఈసారి నాలుగు పీరియడ్లు దొరికాయి. మార్క్స్‌తో మొదలుపెడితే పిల్లలకు పట్టు దొరుకుతుందనుకున్నాను. మొదటి పీరియడ్‌లోనే దెబ్బతిన్నాను.

"వర్గం అంటే ఏంటి?" అని అడగ్గానే ఒకడు "ఎక్స్ స్క్వేర్ మేడమ్" అన్నాడు. ఇంకొకడు "ఒకే పార్టీలో రెండు వర్గాలు కొట్టుకుంటాయి కదా, అది" అన్నాడు. నవ్వుకున్నాం, బాగానే ఉంది. తర్వాత చీటీలు తీయించాను. ముగ్గురు ధనవంతులు, మిగతా అందరూ పేదవాళ్లు, ఇచ్చిన టోకెన్లతో 'నెల' గడపాలి. ఇంట్లో నిజంగానే ఇబ్బందులున్న ఒకమ్మాయికి పేద చీటీ వచ్చింది. వెనకనుంచి ఎవరో "నీకు ప్రాక్టీసు ఉందిగా" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల దించిన తల బెల్లు కొట్టేదాకా ఎత్తలేదు. ఆట ఆపేశాను కానీ జరగాల్సింది జరిగిపోయింది.

ఇంకా మూడు పీరియడ్లున్నాయి. అసలు ఆటలే వద్దా? బోర్డు మీద నిర్వచనాలు రాసేసి ఊరుకోనా? చెప్పండి.

మూడోపీరియడ్:
మేడమ్, ఈ తప్పు నేనూ చేశాను. చీటీల మీద 'పేద', 'ధనిక' అని రాయడంలోనే ఉంది తిరకాసు. అవి పిల్లలకు ఇంటి నుంచి వెంట వచ్చే మాటలు. ఇప్పుడు నేను పని మీద ఆడిస్తున్నాను.

కాగితపు పడవల ఫ్యాక్టరీ. కాగితాలు, బల్ల, స్కేలు అన్నీ యజమాని ఒక్కడివే. నలుగురు పనివాళ్లు. పీరియడ్‌లో ఒక్కొక్కరు 10 పడవలు చేస్తారు, నేను ఒక్కోటి 3 టోకెన్లకు కొంటాను. కాగితం ఖర్చు పడవకు 1. కూలి మనిషికి 8. ఆట అయ్యాక బోర్డు మీద లెక్క వేయిస్తాను. ఒక పనివాడి పడవలు అమ్మితే వచ్చింది 30, కాగితానికి పోయింది 10, కూలికి 8, మిగిలింది 12. అంటే పనివాడు చేతులతో కలిపిన విలువ 20, చేతికొచ్చింది 8. ఆ 12కే మార్క్స్ అదనపు విలువ అని పేరు పెట్టాడు. 12ను 8తో భాగిస్తే 150 శాతం, ఆయన లెక్కలో దోపిడీ రేటు. ఆ మాట నేను చెప్పేసరికే లెక్క వాళ్ల నోట్సులో ఉంటుంది.

రెండో రౌండులో ఇద్దరిని పని లేనివాళ్లుగా తలుపు దగ్గర నిలబెడతాను. అంతే, ఎవరూ చెప్పకుండానే యజమాని కూలి 6కు దించేస్తాడు. ఇప్పటిదాకా ఏ క్లాసులోనూ ఇది తప్పలేదు. పని కోసం కాచుకునేవాళ్లుంటే ఉన్నవాళ్ల కూలి పెరగదని మార్క్స్ అన్నాడు, వాళ్లకు ఆయన పెట్టిన పేరు 'నిరుద్యోగుల రిజర్వు సైన్యం'. దాని గురించి ఇక ఉపన్యాసం అక్కర్లేదు.

మూడో రౌండులో పాత్రలు మార్చడం మాత్రం తప్పనిసరి. వీలైతే రెండు ఫ్యాక్టరీలు పెట్టండి. కూలి పెంచమని అరిచినవాడే యజమాని కుర్చీలో కూర్చోగానే కూలి కోస్తాడు. వాడు చెడ్డవాడై కాదు, పక్క ఫ్యాక్టరీ వాడు తక్కువకు అమ్ముతున్నాడని. ఇది పిల్లలకు తగిలితే నా దృష్టిలో సగం మార్క్స్ అయిపోయినట్టే.

చివరిబెంచీ:
నేను టీచర్ని కాదు, డిగ్రీ చదువుతున్నాను. స్కూల్లో మా సార్ ఇదే పాఠానికి "ఇంట్లో కారున్నవాళ్లు చేతులెత్తండి" అన్నారు. లేని కారుకు చెయ్యెత్తాను. పాఠం ఒక్క ముక్క గుర్తులేదు, ఆ అబద్ధం మాత్రం గుర్తుంది. దయచేసి ఇంటి సంగతులు అడక్కండి.

పాతరిజిస్టర్:
రిటైరై చాలాకాలమైంది, అయినా ఈ చర్చ చూసి ఆగలేకపోయాను.

సుద్దముక్క గారూ, మీ పిల్లల జవాబులు పారేయకండి. మధ్యతరగతి అంటాం, కార్మికవర్గం అంటాం. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట. తెలుగులో రెండు మాటలుండటం టీచరుకు అదృష్టం. తరగతి అంటే మెట్టు. పై తరగతి, కింది తరగతి, రైల్లో మొదటి తరగతి. ఎవరు ఎంత ఎత్తులో ఉన్నారో చెబుతుంది, అంతే. వర్గం అంటే పక్షం. ఎదుటి పక్షం లేకుండా వర్గం ఉండదు. మార్క్స్ చెప్పింది ఈ రెండోది. కూలి ఇచ్చేవాడు లేకపోతే కూలివాడూ లేడు, ఒకరి లాభం ఇంకొకరి పనిగంటల్లోంచే వస్తుంది. కాబట్టి పార్టీలో వర్గాల పోట్లాట అన్న కుర్రాడు మీరనుకున్నంత దూరంగా లేడు. ఎక్స్ స్క్వేర్ కుర్రాణ్ణి మాత్రం లెక్కల మాస్టారికి అప్పగించండి.

నేను కార్డులతో చేయించేవాణ్ణి. నెల జీతం తీసుకునే సర్జన్, సొంత లారీ తోలుకునేవాడు, కౌలు రైతు, రోజు కూలివాడు, షేర్ల మీద వచ్చే డబ్బుతో కూర్చుని బతికే పెద్దాయన, కళ్లు తిరిగే పారితోషికం తీసుకునే ఫుట్‌బాల్ ఆటగాడు. ముందు ఆదాయాన్ని బట్టి వరసగా పేర్చమనేవాణ్ణి. తర్వాత రెండే ప్రశ్నలు: పనికి కావలసిన సాధనాలు ఎవరివి? ఇతరుల శ్రమను డబ్బిచ్చి కొంటున్నారా? వరస మొత్తం చెదిరిపోయేది. ఆటగాడు సర్జన్ పక్కకు, ఆ ఇద్దరూ కూలివాడి పక్కకు వచ్చేవాళ్లు. లారీ వాడు ఎటూ కుదరక మధ్యలో నిలబడేవాడు. ఇప్పుడైతే యాప్ పిలిస్తే బైకు మీద వెళ్లే కుర్రాణ్ణి తప్పక పెడతాను. బైకు వాడిదే, పెట్రోలు వాడిదే. మరి యాప్ ఎవరిది?

ఇంకొకటి. మార్క్స్ ముఖ్య గ్రంథం 'పెట్టుబడి'. దాని మూడో సంపుటాన్ని ఆయన పోయిన 11 ఏళ్లకు, 1894లో, ఆయన మిత్రుడు ఎంగెల్స్ అచ్చు వేయించాడు. ఆ సంపుటం చివరి అధ్యాయం పేరు 'వర్గాలు'. కూలి మీద బతికేవాళ్లు, పెట్టుబడిదారులు, భూస్వాములు అని మూడు పెద్ద వర్గాలు చెప్పి, అసలు వర్గాన్ని వర్గంగా చేసేది ఏమిటని తనే ప్రశ్న వేసుకుని, ఒకటి రెండు పేజీలకే ఆగిపోయాడు మార్క్స్. రాతప్రతి ఇక్కడితో ఆగిందని ఎంగెల్స్ కింద రాశాడు. జీవితమంతా వర్గాల గురించి రాసిన మనిషి వర్గానికి నిర్వచనం పూర్తిచేయలేదు! ఆ ప్రశ్నను బోర్డు మీద రాసి, మిగతా అధ్యాయం మీరు రాయండి అనేవాణ్ణి. పరీక్షలో తప్ప పెన్ను పట్టని పిల్లలు కూడా రాసేవాళ్లు.

ఎదురుప్రశ్న:
ఆ పడవల లెక్కలో ఒక మోసముంది మూడోపీరియడ్ గారూ. యజమానికి కాగితాలు ఎక్కడివి? పడవలు అమ్ముడుపోకపోతే? టీచరు కొని తీరుతారని ముందే తెలిసిన ఆటలో నష్టభయం ఎక్కడుంది? అది తీసేస్తే లాభం దొంగతనంలాగే కనిపిస్తుంది మరి.

విలువంతా శ్రమ నుంచే పుడుతుందన్న సిద్ధాంతాన్ని 1870ల నుంచే చాలామంది ఆర్థికవేత్తలు వదిలేశారు. వస్తువు విలువ కొనేవాడి అవసరాన్ని బట్టి అన్నారు. ఇవాళ చేతిలో ఉన్నదానికి రేపు వచ్చేదానికన్నా విలువ ఎక్కువ, పెట్టుబడికి ప్రతిఫలం ఆ తేడాలోంచే వస్తుందని ఆస్ట్రియా ఆర్థికవేత్త బోమ్ బావెర్క్ వాదించాడు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ డబ్బుతో పాటు హోదాను, అధికారం కోసం కట్టే పార్టీలను విడిగా చూడమన్నాడు. మార్క్స్ పేరు చెప్పుకున్న సోవియట్ యూనియన్‌లో 1932-33 కరువుకు లక్షల మంది చనిపోయారు. పద్నాలుగేళ్ల పిల్లలకు నాలుగు పీరియడ్లూ ఒకే వైపు చెబితే దాన్ని పాఠం అనను, ప్రచారం అంటాను.

మూడోపీరియడ్:
మోసముంది, ఒప్పుకుంటున్నాను. మా క్లాసులో కూడా ఒకమ్మాయి ఇదే అడిగింది. అప్పటి నుంచి పాచిక వేస్తున్నాను. 1 పడితే ఆ రౌండులో పడవలు ఎవరూ కొనరు. మీరనుకున్నట్టే యజమాని కాగితాల డబ్బు పోతుంది. అయితే మరుక్షణం ఏం చేశాడనుకున్నారు? నలుగురిలో ఇద్దరిని పనిలోంచి తీసేశాడు. నష్టభయం యజమాని ఒక్కడిదేనా అని పిల్లలు పావుగంట కొట్టుకున్నారు. నేను తీర్పు చెప్పలేదు.

కాగితాలు ఎక్కడివన్న మీ ప్రశ్న మాత్రం బంగారం. మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటం 1867లో వచ్చింది, దాని చివరి భాగమంతా ఈ ప్రశ్న గురించే. ఇంగ్లండులో ఉమ్మడి భూములకు కంచెలు వేసి రైతుల్ని వెళ్లగొట్టడం, బానిసల వ్యాపారం, వలస రాజ్యాల దోపిడీ. యజమాని పొదుపు చేసి కూడబెట్టాడన్న కథను ఆయన ఎగతాళి చేస్తాడు. మీరు పొదుపు కథ చెప్పండి, నేను కంచెల కథ చెబుతాను, రెండూ విని పిల్లలే తేల్చుకుంటారు.

ఇంకో చిన్నమాట: శ్రమే విలువకు మూలం అన్నది మార్క్స్ సొంతంగా కనిపెట్టింది కాదు, అంతకుముందే ఆడమ్ స్మిత్, రికార్డో అనే ఆర్థికవేత్తల దగ్గర ఉంది.

పాతరిజిస్టర్:
"మార్క్స్ 1883లోనే పోయాడు, 1917 రష్యా విప్లవం తర్వాత జరిగినవాటితో ఆయనకేం సంబంధం" అని చాలామంది టీచర్లు తప్పించుకుంటారు. నేనూ కొన్నేళ్లు అదే చేశాను. ఒకరోజు ఒక కుర్రాడు లేచి "మంచి జరిగితే ఆయన గొప్ప, చెడు జరిగితే ఆయనకు తెలీదా సార్?" అన్నాడు. ఆ దెబ్బకు దారి మార్చాను. సమాజం ఎలా నడుస్తోందని ఆయన చెప్పింది ఒకటి, రేపు ఏమవుతుందని చెప్పింది ఇంకొకటి. రెండింటినీ విడిగా పరీక్షించండి అని చెప్పేవాణ్ణి. మధ్యలో ఉన్నవాళ్లంతా కరిగిపోయి రెండే శిబిరాలు మిగులుతాయన్నది జరగలేదు, మధ్యతరగతి పెరిగింది. ఆయన పేరు మీద కరువులూ నిర్బంధ శిబిరాలూ నడిచాయి, దాచొద్దు. ఎదురుప్రశ్న గారితో ఇంతవరకు ఏకీభవిస్తాను. కానీ లాభం గురించి పొగిడే పాఠాన్ని ఎవరూ ప్రచారం అనరు, అదే నాకు వింత.

కిటికీపక్కన:
సిద్ధాంతం కన్నా ముందు రిపోర్టులు చదివించండి. బ్రిటన్‌లో 1833 ఫ్యాక్టరీ చట్టం చెప్పాను. బట్టల మిల్లుల్లో 9 ఏళ్ల లోపు పిల్లల్ని పెట్టుకోకూడదు, 13 ఏళ్ల లోపు వాళ్ల చేత రోజుకు 9 గంటలకు మించి చేయించకూడదు. ఒకడు లేచి "మేడమ్, తొమ్మిది గంటలు చేయించొచ్చు అని చట్టమా?" అన్నాడు. అంతకుముందు ఇంకా ఎక్కువ ఉండేదని వాడే పట్టుకున్నాడు. దేశం మొత్తానికి నలుగురే ఇన్‌స్పెక్టర్లు అన్నాక ఇక నేను మాట్లాడే పని లేకపోయింది.

'పెట్టుబడి' మొదటి సంపుటంలోని పనిదినం అధ్యాయంలో మార్క్స్ ఆ ఇన్‌స్పెక్టర్ల రిపోర్టుల్ని, పత్రికల్ని పుటలకు పుటలు వాడుకున్నాడు. మేరీ ఆన్ వాక్లీ అనే 20 ఏళ్ల కుట్టుపని అమ్మాయి 1863లో లండన్‌లో చనిపోయింది. రాచకుటుంబపు నృత్య వేడుక కోసం గౌన్లు కుడుతూ 26న్నర గంటలు ఆపకుండా పనిచేసిందట, గాలి సరిగా ఆడని గదిలో 30 మంది అమ్మాయిలతో. ఇది చదివాక క్లాసులో కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ నిశ్శబ్దాన్ని వెంటనే చెడగొట్టకండి.

లెక్కలమాస్టారు:
ఎక్స్ స్క్వేర్ కుర్రాణ్ణి పంపండి, చూసుకుంటాను :)

నాతో కలిసి ఒక పీరియడ్ చేయండి. ఐదుగురికి 20 టోకెన్లు. ఒక పంపకం 2, 3, 4, 5, 6. ఇంకోటి 1, 1, 1, 1, 16. ప్రతి ఇద్దరి మధ్యా తేడాలు రాయించి, అసమానతను కొలిచే జీనీ సూచిక కట్టిస్తే మొదటిది 0.2, రెండోది 0.6. అందరికీ సమానంగా 4 ఇస్తే సున్నా. ఇటలీ గణాంక శాస్త్రవేత్త కొర్రాడో జీనీ 1912లో ఇచ్చిన కొలత ఇది. పదో తరగతి వాళ్లకు కష్టమేం కాదు.

అయితే కొలత చెప్పేది అంతవరకే. ఆ 16 ఎలా వచ్చాయో 0.6 చెప్పదు. బానిసల తోటలోనూ 0.6 రావచ్చు, లాటరీ తగిలినా రావచ్చు. అందరూ సమానంగా పస్తులున్నా సున్నాయే.

చివరిబెంచీ:
మోనోపొలీ ఆడిస్తే సరిపోదా? అందరికీ వచ్చిన ఆటే కదా.

పాతరిజిస్టర్:
ఆడించొచ్చు, కానీ అది మార్క్స్ కాదు బాబూ. దాని మూలం ఎలిజబెత్ మేగీ 1904లో పేటెంట్ తీసుకున్న ఆట. ఆవిడ, భూమి మీదే పన్ను వేయాలన్న అమెరికా ఆర్థికవేత్త హెన్రీ జార్జ్ అభిమాని, భూమి అద్దెల మీద కోపంతో తయారుచేసింది. బోర్డంతా వెతుకు, పనిచేసేవాడు ఒక్కడూ కనిపించడు. అద్దె గురించి చెప్పాలంటే మాత్రం దాన్ని మించింది లేదు.

సుద్దముక్క:
అందరికీ థ్యాంక్స్. రెండు పీరియడ్లయ్యాయి, చెబుతాను.

వెనకనుంచి మాటన్న కుర్రాణ్ణి విడిగా పిలిచి మాట్లాడాను. తర్వాత ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి ఆట అలా పెట్టడం నా తప్పేనని చెప్పాను. "పర్లేదు మేడమ్" అంది. పర్లేదు అన్నట్టు లేదు.

పడవల ఫ్యాక్టరీ రెండు బల్లల మీద పెట్టాను. మూడోపీరియడ్ గారు చెప్పినట్టే కూలి దిగింది. కానీ మీరెవరూ చెప్పనిది ఒకటి జరిగింది. రెండో రౌండు సగంలో పనివాళ్లు గుసగుసలాడుకుని మడతలు నెమ్మదిగా వేయడం మొదలుపెట్టారు. 10 రావాల్సింది 6 వచ్చాయి. యజమాని నా దగ్గరికి ఫిర్యాదుకు వచ్చాడు! తలుపు దగ్గరివాళ్లను తెచ్చుకోబోతే వాళ్లనూ కలిపేసుకున్నారు. సంఘం అనే మాట నేను ఇంకా చెప్పనేలేదు.

లెక్క రాసే పని ఆ అమ్మాయే అడిగి తీసుకుంది. చివర్లో అడిగింది: "మనకు కాగితం ధర, అమ్మిన ధర రెండూ తెలుసు కాబట్టి 12 అని తేలింది. నిజం ఫ్యాక్టరీలో యజమాని పుస్తకం చూపించకపోతే పనివాళ్లకు ఎలా తెలుస్తుంది?" నేను రెండేళ్లు పీజీ చదివాను, నాకు ఈ ప్రశ్న రాలేదు.

కార్డులాటలో మాత్రం చిక్కుకుపోయాను. యాప్ కుర్రాడి దగ్గరే సగం పీరియడ్ పోయింది. బెల్లు కొట్టాక ఒకడు "మేడమ్, అమ్మ ఏ వర్గం?" అన్నాడు. ఇంటిపని కార్డు నేను పెట్టనే లేదు. రేపు చెబుతానన్నాను. ఏం చెప్పాలో తోచట్లేదు.

కిటికీపక్కన:
నాలుగో పీరియడ్ దానికే ఇచ్చేయండి. 1972లో సెల్మా జేమ్స్ లాంటి స్త్రీవాదులు ఇంటిపనికి జీతం కావాలని ఉద్యమం మొదలుపెట్టారు. వాళ్ల వాదన తేలిక: రేపు ఫ్యాక్టరీకి వెళ్లే మనిషికి వండిపెట్టి, బట్టలుతికి, పిల్లల్ని పెంచి పంపేది ఎవరు? ఆ గంటలు పడవల లెక్కలో ఏ గడిలో ఉన్నాయి? అలా జీతమిస్తే ఆడవాళ్లు ఇంటికే కట్టుబడిపోతారని అన్న స్త్రీవాదులూ ఉన్నారు. రెండు జట్లు చేసి వాదించనివ్వండి.

ఒక్క జాగ్రత్త. "మీ అమ్మ ఎన్ని గంటలు చేస్తుంది" అని అడక్కండి. అమ్మ లేని పిల్లలుంటారు. ఊహా కుటుంబం ఒకటి అల్లి, దాని పనిగంటలు రాయించండి.

సుద్దముక్క:
సరేనండీ, ఊహా కుటుంబమే. నలుగురు మనుషులు, ఒక ముసలమ్మ. పేర్లు తామే పెడతామని పిల్లలు ఇప్పటికే గొడవపడుతున్నారు.