ఇంజనీరింగ్ థర్డ్ ఇయర్ బాబు, మాకేమో చదువు తక్కువ, ఏ సాయం చేయాలి?

మదనపల్లె_అమ్మ:
అందరికీ నమస్తే అండి. మేం పన్నెండేళ్ళుగా బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం, మావారికి ఫ్యాన్సీ షాపు. మావాడు ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) మూడో సంవత్సరం, వచ్చే ఏడాది ప్లేస్‌మెంట్లంట. నేను ఇంటర్‌తో ఆపేశాను, ఈ కోడింగులు ఆప్టిట్యూడ్‌లు మాకేం తెలీవు, రోజూ "ప్రిపేరవుతున్నావా" అని అడగడం, వాడు విసుక్కుని తలుపేసుకోవడం, ఇదే నడుస్తోంది. మొన్న ఒక కన్సల్టెన్సీ వాళ్ళు లక్షన్నర కడితే జాబ్ గ్యారంటీ అన్నారంట, నా గాజులు కుదువపెట్టైనా కడదాం అంటున్నారు మావారు. కట్టొచ్చా?

వైట్‌ఫీల్డ్_నాన్న:
కట్టొద్దమ్మా, దండం పెడతా. మా పెద్దోడికి ఇలాగే ఎనభై వేలు కట్టాం, రెండు నెలలు ఏదో ట్రైనింగ్ అన్నారు, తర్వాత వెళ్తే ఆఫీసుకి తాళం, బోర్డు కూడా పీకేశారు. ఉద్యోగమిచ్చే కంపెనీ మన దగ్గర డబ్బులెందుకు తీసుకుంటుంది చెప్పండి. నేర్చుకోవాలంటే ప్రభుత్వ ఆన్‌లైన్ క్లాసుల సైటు ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఫ్రీ, సర్టిఫికెట్ పరీక్షకి మాత్రం ఫీజు.

కొత్త_ఇంజనీర్:
ఆంటీ, నేను పోయినేడే పాసయ్యా, మా అమ్మ కూడా టెన్తే. చలికాలంలో అమ్మ చాటలో అనపకాయలు ఒలుస్తూ "నీ ప్రాజెక్టు ఏందో నాకు చెప్పరా" అనేది, నేను సెన్సార్, మైక్రోకంట్రోలర్ అని మొదలుపెడితే "అంటే ఏంది, అది లేకపోతే ఏమైతది" అని ఆపేది. ఆమెకి అర్థమయ్యేట్టు చెప్పడానికి నాకు వారం పట్టింది, తీరా ఇంటర్వ్యూలో అదే ప్రశ్న అడిగారు, నోరు తడబడలే. ఇంకోటి, పాసవ్వని సబ్జెక్టులు, అదే బ్యాక్‌లాగ్స్ ఉన్నాయా అని తిట్టకుండా అడగండి, చాలా కంపెనీలు టెన్త్ నుంచి అరవై శాతం మార్కులున్నాయా అని చూస్తాయి, బ్యాక్‌లాగుంటే టెస్టుకే కూర్చోనివ్వవు. నా ఫ్రెండొకడు భయపడి చివరిదాకా దాచాడు, ఇంట్లో తెలిసేసరికి సగం కంపెనీలు వచ్చి వెళ్ళిపోయాయి.

జాలహళ్ళి_మామయ్య:
సాఫ్ట్‌వేర్ ఒక్కటే దారి కాదు తల్లీ. ఈసీఈ అంటే ఇక్కడ బీఈఎల్ (ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ), ఇస్రో లాంటివున్నాయి, నోటిఫికేషన్లు వస్తుంటాయి, చూస్తుండమనండి. ఎంటెక్‌కి, కొన్ని ప్రభుత్వ కంపెనీలకి పనికొచ్చే గేట్ పరీక్ష మూడో ఏడాదిలోనే రాయొచ్చు, స్కోరు మూడేళ్ళు పనికొస్తుంది. డిగ్రీ చేతికొచ్చాక ఖాళీగా ఉండాల్సొస్తే ప్రభుత్వం నడిపే ఎన్‌ఏటీఎస్ పోర్టల్‌లో ఏడాది అప్రెంటిస్‌షిప్‌లు ఉంటాయి, స్టైపెండ్ ఇస్తారు. మీరు మాత్రం చుట్టాల ముందు "వాళ్ళబ్బాయికి ఇంత ప్యాకేజీ" అనే మాట తీసుకురావద్దు, పిల్లలు పైకి చెప్పరు గానీ లోపల కుమిలిపోతారు.

మదనపల్లె_అమ్మ:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. ఈ మెసేజ్‌లన్నీ మావారికి చదివి వినిపించాను, కన్సల్టెన్సీకి వద్దని చెప్పేశారు. రాత్రి అన్నం తింటుంటే ప్రాజెక్టు గురించి అడిగితే ముందు "నీకర్థం కాదులే" అన్నాడు, కాసేపటికి పాత క్యాలెండర్ వెనకాల బొమ్మ గీసి నీళ్ళ ట్యాంక్ మోటార్ దానంతటదే ఎట్లా ఆగిపోద్దో చూపించాడు. ఒక సబ్జెక్టు పోయిందని కూడా అప్పుడే చెప్పాడు. మావారు ఏమీ అనలేదు, సప్లీ ఫీజు ఎంతని మాత్రం అడిగారు.