పంచశీలలో మొదటిది: తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: ఇండొనేసియా మీద ఒక వ్యాసం అనువాదం చేస్తూ ‘కెతుహానన్ యాంగ్ మహా ఎస’ దగ్గర ఆగిపోయాను. వాళ్ల పంచశీలలో మొదటిది. ‘ఏకేశ్వరోపాసన’ అంటే సరిపోతుందా? అదే పేరాలో ‘లౌకిక రాజ్యం’ అని కూడా ఉంది. రెండూ ఎలా పొసుగుతాయో అర్థం కావట్లేదు.

జవాబు: ముందు ఒక జాగ్రత్తండీ. పంచశీల అనగానే మనకు 1954 నాటి నెహ్రూ, చైనా గుర్తొస్తారు. ఇది వేరు. డచ్చివాళ్లు పోయి జపాన్ సైన్యం ఏలుతున్నప్పుడు, 1945 జూన్ 1న సుకర్ణో (తర్వాత ఇండొనేసియా తొలి అధ్యక్షుడు) చెప్పిన ఐదు సూత్రాలివి. ఆయన వరసలో మొదటిది ‘కెబంగ్సాఆన్’, అంటే జాతీయత. అందులోని ‘బంగ్సా’ మన ‘వంశం’ మాటే! ఎన్నో వంశాలవాళ్లను ఒక్క జాతిని చేసే పని ఆ మాటకే అప్పజెప్పారు.

దేవుడిది ఐదో స్థానం. జూన్ 22 నాటి ముసాయిదాకొచ్చేసరికి దేవుడు ముందుకొచ్చాడు, వెంట ఒక తోకతో: ‘ముస్లింలు షరియత్ పాటించే బాధ్యతతో’ అని. వాళ్ల భాషలో సరిగ్గా ఏడు మాటలు. ఆగస్టు 17న స్వాతంత్ర్యం ప్రకటించారు. తూర్పు దీవుల క్రైస్తవులు ఒప్పుకోరని తెలిసి, మర్నాడే సుకర్ణో సహచరుడు హట్టా ముస్లిం నాయకులకు నచ్చజెప్పి ఆ ఏడు మాటలూ తీయించారు. ఆ ఖాళీలో చేరిందే ‘యాంగ్ మహా ఎస’, ఒకే ఒక్కడైన అని.

ఇక ‘తుహాన్’ అంటే ప్రభువు, దేవుడు. మనం మాట చివర ‘తనం’ తగిలిస్తాం, వాళ్లు ముందు ‘కె’, వెనక ‘అన్’ రెండూ తగిలిస్తారు. దేవుడితనం అనలేం కదా! ‘ఒక్కడైన దేవుడిపై విశ్వాసం’ అనండి. మూలంలో విశ్వాసం అన్న మాట లేదు గానీ, అది లేకపోతే తెలుగు నిలబడదు. ఉపాసన మాత్రం వద్దు.

ఇంకొకరు: అల్లా అనకుండా తుహాన్ అన్నది క్రైస్తవుల కోసమేనా?

జవాబు: అంత సులువు కాదండీ, అక్కడి క్రైస్తవుల బైబిల్లోనూ ‘అల్లా’ ఉంది. అసలు తిప్పలు బాలి హిందువులవి. ఇంతమంది దేవతల్లో ఆ ఒక్కడెవరంటే ‘సాంగ్ హ్యాంగ్ విధి’ అని చూపించాల్సి వచ్చింది. ‘విధి’ మనదే.

ప్రశ్న అడిగినవారు: మరి ‘లౌకిక’?

జవాబు: నేనైతే కొట్టేస్తాను. రాజ్యమతం లేదు, నిజమే. కానీ దేవుడు రాజ్యాంగ పీఠికలోనే ఉన్నాడు, గుర్తింపు కార్డులో మతానికో గడి ఉంది. ‘ఏ మతాన్నీ రాజ్యమతం చేయని దేశం’ అని రాయండి. కాస్త పొడుగే. ఎడిటర్ గారు కత్తెర తీస్తే ఇక్కడికి పంపండి, మేం మాట్లాడతాం.