చలికి అమ్మ కాళ్ళు పొలుసులు లేస్తున్నాయి, ఏం రాస్తే తగ్గుతుంది?

అందరికీ నమస్కారం. మాది ఆదిలాబాద్ దగ్గర పల్లె, డిసెంబర్, జనవరిలో ఇక్కడి చలి గురించి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అమ్మకి 60 దాటాయి, షుగర్ ఉంది. చలి మొదలైతే చాలు, మోకాళ్ళ కింద చర్మం పొడిబారి చేప పొలుసుల్లా లేస్తుంది, గోరు తగిలితే తెల్లటి గీత పడుతుంది, రాత్రి దురదకి నిద్ర సరిగ్గా పట్టదు.

పొగలు కక్కే నీళ్ళు పోసుకుంటేనే ఆమెకి స్నానం చేసినట్టుంటుంది, పైగా సున్నిపిండితో గట్టిగా రుద్దుతుంది. మరీ వేడినీళ్ళు చర్మంలోని నూనెని కడిగేస్తాయి, గోరువెచ్చగా ఉంటే చాలమ్మా, ఒళ్ళు కాస్త తడిగా ఉండగానే మాయిశ్చరైజర్ రాస్తే ఆ తడి ఆరిపోకుండా ఉంటుంది అని ఎంత చెప్పినా "ఈ చలికి సల్లనీళ్లు పోసుకోమంటవా బిడ్డా" అంటుంది. కొబ్బరినూనె మాత్రం రాసుకుంటుంది, అదీ పడుకునే ముందు, పొడి చర్మం మీదే.

అదే కొబ్బరినూనె స్నానం అవ్వగానే రాస్తే సరిపోతుందా, లేక పెట్రోలియం జెల్లీ మేలా? మడమలకి యూరియా ఉన్న క్రీము వాడినవాళ్ళున్నారా, పగుళ్ళ మీద మంట పుడుతుందా? షుగర్ ఉన్నవాళ్ళకి చిన్న పగులు కూడా పుండై మానడం కష్టం కాబట్టి నాకు టెన్షన్‌గా ఉంది. ఈ వారం డాక్టర్‌కి ఎలాగూ చూపిస్తాను. ఈలోపు వాసన లేని, రోజూ రాసుకున్నా భారం కాని క్రీము ఏదైనా ఉంటే చెప్పండి. ఇంట్లో పెద్దవాళ్ళకి వేడినీళ్ళ అలవాటు తగ్గించగలిగినవాళ్ళు ఏం చెప్పి ఒప్పించారో అది కూడా రాయండి, ప్లీజ్.