విరాళాలతో లాభాపేక్ష లేని పోకర్ సైట్‌ను నడపగలమా?

ప్రశ్న (తిరుపతి నుంచి)

డబ్బు పందెం ఏమాత్రం లేకుండా పోకర్ అనే పేకాట నేర్చుకోవడానికి, ఆడుకోవడానికి వీలుగా తిరుపతిలోని మేము కొందరు మిత్రులం తెలుగులో ఒక సైట్ తయారు చేస్తున్నాం. డబ్బుతో ఆడించే పోకర్ సైట్లు పందెంలో పోగైన సొమ్ము నుంచి ‘రేక్’ పేరుతో కమీషన్ తీసుకుని బతుకుతాయి. పందెమే లేని మాకు ఆ దారి లేదు. ప్రకటనలు పెడితే అవి మా సభ్యులను జూదం వైపు లాగుతాయని భయపడి వాటినీ వద్దనుకున్నాం. 2010లో మొదలై, ఫ్రాన్స్‌లో లాభాపేక్ష లేని సంఘంగా నమోదై, నేటికీ ప్రకటనలు లేకుండా విరాళాలతో నడుస్తున్న లీచెస్ అనే చదరంగం సైట్ మాకు ఆదర్శం. విరాళం ఇచ్చినవారికి కృతజ్ఞతగా కొన్ని అదనపు చిప్స్ (ఆటలో డబ్బుకు బదులు ఒడ్డే బిళ్లలు) ఇవ్వవచ్చునా? పెద్దలు సలహా ఇవ్వగలరు.

జవాబు (చిత్తూరు నుంచి)

చిప్స్ మాత్రం ఇవ్వకండి. 1974 నాటి మన రాష్ట్ర గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి, ఆన్‌లైన్‌లో డబ్బు పందెంతో ఆడే ఆటలను కూడా నిషేధించారు. 2025లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం, ఆట నైపుణ్యానిదా అదృష్టానిదా అన్నదానితో నిమిత్తం లేకుండా, డబ్బు గాని మరో రూపంలో పందెం గాని పెట్టి, ప్రతిఫలంగా లాభాన్ని ఆశించి ఆడేదంతా నిషిద్ధమే. అటువంటి ఆట నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పడవచ్చు. మీ చిప్స్‌ను నగదుగా మార్చుకునే వీలు లేకపోయినా, విరాళానికి బదులుగా అవి అందుతున్నాయంటే చూసేవారికి అది అమ్మకంగానే తోస్తుంది, పైగా ఇవ్వలేని విద్యార్థి అదే బల్ల దగ్గర తక్కువవాడవుతాడు. వంద రూపాయలు ఇచ్చినవారికీ, ఏమీ ఇవ్వనివారికీ ఆటలో వెంట్రుకవాసి తేడా ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

సొసైటీగా గాని, 2013 కంపెనీల చట్టంలోని 8వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీగా గాని నమోదు చేసుకుని, సంస్థ పేరిట బ్యాంకు ఖాతా తెరవండి. ఆదాయపు పన్ను మినహాయింపు వస్తుందని ముందే చెప్పి ఎవరినీ అడగవద్దు. మన ప్రాంతం వారు అమెరికాలో చాలామంది ఉన్నారు కదా: భారత పౌరసత్వం ఉన్నవారు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు గాని, అక్కడి పౌరసత్వం తీసుకున్నవారి నుంచి అనుమతి లేకుండా తీసుకుంటే 2010 నాటి విదేశీ విరాళాల చట్టాన్ని ఉల్లంఘించినట్లవుతుంది.

జవాబు (తిరుపతి నుంచి)

పై పెద్దల మాటతో ఏకీభవిస్తున్నాను. నిధుల విషయంలో మన ఊరిలోనే మంచి పద్ధతి ఉంది. 1985లో మొదలైన తిరుమల అన్నదాన పథకంలో దాతల సొమ్మును బ్యాంకులో ఉంచి, వడ్డీని ఖర్చుకు వాడే ఏర్పాటు చేశారు; ఒక రోజు ఖర్చును ఒక్కరే భరించే వీలూ కల్పించారు. మీరూ నెల సర్వర్ అద్దె ఇంత అని ప్రకటించి, ఏదో ఒక నెలను భరించమని అడగండి. మొత్తం ఎంత కావాలో తెలిసినప్పుడే దాతకు తన వంతు తెలుస్తుంది. రాబడి, ఖర్చుల లెక్కను ప్రతి నెలా సైట్‌లోనే పెట్టండి.

జవాబు (శ్రీకాళహస్తి నుంచి)

నిధుల కన్నా ముందు తేల్చుకోవలసినది మరొకటి ఉంది. పోయేది ఏమీ లేనప్పుడు చాలామంది ప్రతి ఆటలోనూ చిప్స్ అన్నీ ఒడ్డేస్తారు, దాంతో శ్రద్ధగా ఆడేవారు విసిగి వెళ్లిపోతారు. వారు లేని సైట్‌కు విరాళం ఇచ్చేదెవరు? బ్రిడ్జి అనే పేకాటలో లాగా అన్ని బల్లలకూ ఒకే ముక్కలు పంచి, ఒకే స్థానంలో కూర్చున్నవారి ఫలితాలను పోల్చి పాయింట్లు ఇచ్చే డూప్లికేట్ పద్ధతి పోకర్‌లోనూ ఉంది. ముందు దాన్ని అమలు చేసి, ఆట నిలిచిన తరువాతే విరాళాల పేజీ తెరవండి.