సమస్యాపూరణం: ఏఁడు ముగియు వేళ వసంత మేఁగుదెంచె

నిర్వాహకుడు: ఈ వారం తేటగీతి పాదమిది. మనకు ఉగాదితో వచ్చే వసంతం ఏడాది చివర ఎలా వస్తుంది? కిటుకు వంగదేశపు ఋతువుల్లో ఉంది. పాదాంత విసంధి (పాదం చివర సంధి చేయకపోవడం) పరవాలేదు.

మోదుగుపూవు:
వంగనాడు గణించెడు వరుసఁ జూడ
చైత్రమే తుదిమాసము జనులకెల్ల
మోదుగులు పూచి బూరుగు మురిపెమంద
ఏఁడు ముగియు వేళ వసంత మేఁగుదెంచె

నిర్వాహకుడు: ముడి సూటిగా విడిపోయింది. బెంగాలీలకు ఏప్రిల్ 14నో 15నో పొయిలా బైశాఖ్‌తో కొత్త ఏడాదీ గ్రీష్మమూ ఒకేసారి మొదలవుతాయి. ఫాల్గుణ చైత్రాలే వసంతం. అయితే పూచింది మోదుగులు, మురిసింది బూరుగు. కర్త మారింది కనుక "పూచి" అన్న క్త్వార్థకం చెల్లదు. "మోదుగులు పూయ" అంటే గణమూ చెడదు.

నాగావళి:
కాలవైశాఖి గాడ్పులు గదియు మున్నె
మంచు తెర వీడ దక్షిణ మారుతమున
మావి పూఁదావి దెసలెల్ల మసలుకొనఁగ
ఏఁడు ముగియు వేళ వసంత మేఁగుదెంచె

ఖరగ్‌పూర్ వాసి: దక్షిణపు గాలిని పట్టుకున్నారు, చాలా సంతోషమండీ. ఇక్కడి వసంతానికి ప్రాణం అదే. "గదియు మున్నె" మాత్రం ఒప్పుకోలేను. పేరు వైశాఖానిదైనా ఆ గాలివాన మార్చిలోనే, అంటే వైశాఖం రాకమునుపే, మొదలుకావచ్చు. ఛోటానాగపూర్ పీఠభూమి వేడెక్కి, బంగాళాఖాతపు తేమ తోడైతే మధ్యాహ్నం దాటాక వాయవ్యాన నల్లగా కమ్ముకుంటుంది. కాసేపట్లో ఉరుములు, ఒక్కోసారి వడగళ్లు. "కాలవైశాఖి గాడ్పులఁ గలసి మెలసి" అని చూడండి. యతి కూడా నిలుస్తుంది.

గోదారిగట్టు:
ఎండ మొదలుగ వానలు నెగయు రెల్లు
కొత్త వడ్లును ఖర్జూర గుడము తీపి
వంగవాసులు చవిచూచి పరవశింప
ఏఁడు ముగియు వేళ వసంత మేఁగుదెంచె

నిర్వాహకుడు: ఈ వారానికి ఇదే మేలైన పూరణ! గ్రీష్మం, వర్షం తర్వాత రెల్లు తెల్లగా విచ్చుకునే శరత్తు, అందులోనే దుర్గాపూజ. కొత్త బియ్యంతో నవాన్నం చేసుకునే హేమంతం. ఆపై బెల్లంతో పిఠాలనే పిండివంటలు వండుకునే శీతకాలం. ఆరో ఋతువు సమస్య పాదమే అయింది. ఆ బెల్లానికి రసం దిగేది మన ఈతచెట్టు నుంచే. ఎండావానలను చవిచూడవచ్చు గాని రెల్లును చవిచూడరు కదా? "వంగవాసుల మనసులు పరవశింప" అంటే ఎలా ఉంటుంది?

గోదారిగట్టు: గణాలు కుదిరాయి గాని, కొత్త బెల్లం ఉన్న పద్యంలో చవి లేకపోతే ఎలాగండీ? నా పాదం అలాగే ఉంచుతాను.