‘నీళ్లొదులుకోవడం’, ‘తిలోదకాలివ్వడం’: మూలం ఒకటేనా?

పెద్దలకు నమస్కారం. ఒక మనిషిని ఇక తమవాడు కాడనుకొని పూర్తిగా విడిచిపెట్టినప్పుడు ‘వాడికి నీళ్లొదిలేశాం’ అంటారు. స్నేహాలకో సిద్ధాంతాలకో ‘తిలోదకాలిచ్చారు’ అని పత్రికలు రాస్తాయి. రెండో మాటలో నాకు సందేహం లేదు: పితృదేవతలకు తర్పణంలో విడిచే నువ్వుల నీళ్లే తిలోదకాలు కాబట్టి, బతికున్నవాణ్ణి పోయినవాడి కింద జమకట్టడమే దాని భావం.

చిక్కంతా మొదటిదానితోనే. తర్పణంలో బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి నీళ్లు వదులుతారు, నిజమే. కాని దానమిచ్చేటప్పుడు కూడా ధారపోసి హక్కు వదులుకుంటారు. ‘ఇచ్చిన అప్పుకు నీళ్లొదులుకున్నాను’ అనే వాడుక దానధారకే దగ్గరగా నాకు తోస్తుంది, ఎందుకంటే అక్కడ పోయింది సొత్తు, మనిషి కాదు. ఇది చాలదన్నట్టు, మనుస్మృతి 11వ అధ్యాయంలో, పతితుడైనవాడికి బతికుండగానే బంధువులు ఊరి వెలుపల ఉదకమిచ్చి, దాసి చేత నీటికుండను కాలితో తన్నించే విధి ఒకటి ఉంది. మనుషుల పట్ల మనం వాడే మాటకు ఇది మూలం కావచ్చునా?

ప్రాచీన కావ్యాల్లోగాని శాసనాల్లోగాని ‘నీళ్లు వదులు’ ఈ అర్థంలో ఎక్కడ కనిపిస్తుందో, మీ ప్రాంతంలో దీనిని మనుషులకు కూడా వాడతారో, లేక సొత్తుకే పరిమితమో తెలిసినవారు దయచేసి వివరించగలరు.