‘సింటాక్స్ ఎర్రర్’ను తెలుగులో ఏమనాలి?

కడప నుంచి:
పదేళ్లు జావాలో ప్రోగ్రాములు రాసిన నలుగురికి ఈ నెలలో పైథాన్ అనే మరో ప్రోగ్రామింగ్ భాష చెబుతున్నాను. లూపు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం) అంటే ఏమిటో వాళ్లకు చెప్పనక్కరలేదు. సెమికోలన్ మానేయండి, ఫ్లవర్ బ్రాకెట్లు మానేయండి, ఇఫ్ వరుస చివర కోలన్ మరవకండి అంటే చాలు. పాఠమంతా తెలుగులోనే సాగుతుంది కానీ ‘సింటాక్స్ ఎర్రర్’ (ఆ భాష నియమం తప్పి రాస్తే కంప్యూటర్ చూపే తప్పు) దగ్గర మాట దొరకదు. ‘వాక్యనిర్మాణ దోషం’ అంటే నలుగురూ నవ్వారు. మంచి మాట ఉందా?

అనంతపురం నుంచి:
‘అన్వయ దోషం’ అనండి. పద్యంలో కర్త ఏది, క్రియ ఏది అని ఏరుకోవడమే కదా అన్వయం. కంప్యూటర్ చేసేదీ అదే.

కర్నూలు నుంచి:
అన్వయం చదివేవాడి పని, తప్పు రాసినవాడిది. పైగా పద్యంలో మాటలు ఎటు చెదిరినా విభక్తులు దారి చూపుతాయి. ‘రావణుని చంపెను రాముడు’ అన్నా చచ్చింది రావణుడే. ప్రోగ్రాములో చాలాచోట్ల స్థానమే విభక్తి: భాగించే ఫంక్షనుకు 10, 2 ఇస్తే 5 వస్తుంది, తిరగేసి ఇస్తే 0.2. (పైథాన్‌లో పేరు పెట్టి విలువ ఇస్తే వరుస మారినా పరవాలేదు. అక్కడ మాత్రం అది మన తెలుగుకు చుట్టమే.)

మన తర్కశాస్త్రం వాక్యానికి మూడు కావాలంటుంది: ఆకాంక్ష (ఒక మాట మరో మాటను కోరడం), యోగ్యత (అర్థాలు పొసగడం), సన్నిధి (మాటలు దగ్గర దగ్గరగా ఉండడం). అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఉదాహరణలూ ఉన్నాయి. ‘ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు’ అంటే ఒక మాటకు మరొకటి అక్కరలేదు, ఆకాంక్ష లేదు. ‘నిప్పుతో తడుపు’ అంటే యోగ్యత లేదు. ‘ఆవును’ అని ఇప్పుడు, ‘తీసుకురా’ అని జాము తర్వాత అంటే సన్నిధి లేదు.

కడప నుంచి:
ఆకాంక్ష భలే కుదిరింది సార్! ‘కడపలో బస్సు ఎక్కి, ప్రొద్దుటూరులో దిగి’ అని ఆగిపోతే వినేవాళ్లు మన ముఖమే చూస్తూ ఉంటారు. పైథాన్‌లో బ్రాకెట్ మూయకుండా ఎంటర్ నొక్కితే మూడు చుక్కలు చూపించి అదీ అలాగే కూర్చుంటుంది. యోగ్యత కూడా అంతే. కోట్స్‌లో పెట్టిన 5కు (అప్పుడది అంకె కాదు, అక్షరం) మామూలు 3 కలపమంటే పైథాన్ టైప్ ఎర్రర్ ఇస్తుంది, అంటే ఈ రెండు రకాలూ కలవవంటుంది. జావాస్క్రిప్ట్ అనే ఇంకో భాష మాత్రం సిగ్గుపడకుండా 53 అంటుంది.

అనంతపురం నుంచి:
నా అన్వయం వెనక్కి తీసుకుంటున్నాను. సన్నిధి దెబ్బ నేను తిన్నాను: జావాస్క్రిప్ట్‌లో రిటర్న్ (ఈ విలువ తిరిగివ్వు) అని రాసి, విలువను కింది వరుసలో పెట్టాను. అది రిటర్న్ పక్కన తానే సెమికోలన్ ఉన్నట్టు అనుకుని వట్టి చేతులతో తిరిగొచ్చింది. ఎర్రర్ కూడా చూపలేదు. ఒక సాయంత్రమంతా పోయింది.

కర్నూలు నుంచి:
అందుకే మూడింటినీ కలపకండి. యోగ్యత అర్థానికి సంబంధించినది. సింటాక్స్ ఎర్రర్‌కు ‘ఆకాంక్షా దోషం’ సరిపోతుంది.

కడప నుంచి:
మూసే బ్రాకెట్ ఒకటి ఎక్కువైతే?

కర్నూలు నుంచి:
అదీ ఆకాంక్షా దోషమే. దాన్ని ఎవరూ అడగలేదు కదా.

అనంతపురం నుంచి:
మరి ఇండెంటేషన్‌కు, అదే వరుస మొదట్లో వదిలే ఖాళీకి?

కడప నుంచి:
దానికి శాస్త్రం అక్కరలేదు. చిన్నప్పుడు పేరా మొదట్లో ‘రెండు వేళ్ల ఎడం వదలండి’ అనేవారు మా అయ్యవారు. నేను ‘ఎడం’ అనే అంటున్నాను: నాలుగు ఖాళీల ఎడం. దీనికి మాత్రం ఎవరూ నవ్వలేదు.